సొరంగంలో పూతరేకు

ఎవరో దాచిన డబ్బాని ఫోన్లో జీపీఎస్ చూసుకుంటూ వెతకడం ఈ ఆట. అక్కా నేనూ రాజమండ్రిలో పొద్దున్నే బస్సెక్కి, కొండల దగ్గర దిగి, రైళ్లు తిరగని పాత సొరంగానికి నడిచి వెళ్లాం. లోపల సిగ్నల్ పోయింది. గంటసేపు టార్చి వేసి వెతికితే గోడ గూట్లో స్టీలు డబ్బా దొరికింది. అందులో ఉన్న చిన్న బొమ్మని మేం తీసుకున్నాం. ఆట ప్రకారం బదులు ఏదైనా పెట్టాలి. తినేవి మాత్రం పెట్టకూడదని మూత మీదే రాసుంది.

"ఒకళ్ల డబ్బా ఖాళీగా తిరిగిస్తామా ఏంటి?" అని అక్క బెల్లం పూతరేకు పెట్టింది. చెబితే వినే మనిషైతే మా అక్కెందుకవుతుంది?

వారం తర్వాత అక్కడికి వెళ్లినాయన యాప్‌లో రాశాడు: "లోపల ఫోన్ పనిచెయ్యలేదండి. చీమల బారు వెంట నడిచాను, డబ్బా దొరికింది."