యాదగిరన్న ఇవ్వని చందా

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. జాలి పడకండి, వినండి చాలు.

సికింద్రాబాద్‌లో సందుకో కంప్యూటర్ కోచింగ్ సెంటర్ వెలిసిన రోజులవి. విజయనగరం నుంచి వచ్చి ఏ.ఎస్. రావు నగర్‌లో స్థిరపడ్డ కుటుంబం మాది. నాకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రాగానే తెలిసినవాళ్లంతా ఈమెయిల్ తెరిచిపెట్టమని వచ్చేవారు. పాస్‌వర్డ్ కూడా నేనే పెట్టేవాణ్ణి. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసే యాదగిరన్నా అలాగే వచ్చాడు.

కొన్నేళ్లకు ఎన్నికలొచ్చాయి. ఒక అభ్యర్థికి ఇంటర్నెట్‌లో చందాలు తీసుకునే పేజీ నేనే తయారుచేశాను. ఒక కాంట్రాక్టరు పెద్ద మొత్తం ఇస్తానన్నాడు, తన పేరు మాత్రం బయటికి రాకూడదన్నాడు. ఆ డబ్బును ముక్కలు చేసి వేరేవాళ్ల పేర్ల మీద చూపించమన్నారు అభ్యర్థి మనుషులు. ఎవరి పేర్లు? నేను మెయిల్ తెరిచిచ్చినవాళ్లవే. ఎవరికీ నష్టం లేదనుకున్నాను. నిజంగా అనుకున్నానా? అలా అనుకుంటే చెయ్యి ఆడుతుందని అనుకున్నానా?

ప్రభుత్వోద్యోగి పార్టీకి చందా ఇవ్వకూడదన్న సంగతి నాకు తట్టనేలేదు. ప్రత్యర్థి ఫిర్యాదు చేశాడు. పేర్లు బయటపడ్డాయి. యాదగిరన్నను సస్పెండ్ చేశారు. ఆయన నేరుగా మా ఇంటికే వచ్చాడు.

"తమ్మీ, నేను ఒక్క రూపాయి సుత ఇయ్యలే. గా కంప్యూటర్ల నా పేరెట్లొచ్చింది? జెర నువ్వొచ్చి ఆఫీసర్‌కు చెప్పు."

"నీ మెయిల్ నుంచే వచ్చిందన్నా. మర్చిపోయుంటావు," అన్నాను.

విచారణకొచ్చిన ఎన్నికల అధికారితోనూ అదే అన్నాను. డబ్బు ఎవరి కార్డు నుంచి వచ్చిందని ఒక్క మాట అడిగితే అక్కడే దొరికిపోయేవాణ్ణి. ఆయన అడగలేదు, చదువుకున్న కుర్రాడు చెబుతున్నాడు కదా అని నమ్మి వెళ్లిపోయాడు. అడిగే అధికారం ఆయనకుందో లేదో కూడా నాకు తెలియదు. అయినా తప్పు ఆయన మీదకు నెట్టను. యాదగిరన్నకు ఉద్యోగం తిరిగి ఇచ్చారు గానీ, 'పార్టీ మనిషి' అన్న ముద్ర రిటైరయ్యేదాకా పోలేదు, ప్రమోషన్ రాలేదు.

ఆన్‌లైన్ చందాల మీద నిబంధనలు ఎలా ఉండాలో చెప్పమని ఈమధ్య ఎన్నికల సంఘంవాళ్లు జనాన్ని అడిగారు. నేను రాశాను. డబ్బు ఎవరిదో, పేరు ఎవరిదో సరిచూడనిదే పైసా తీసుకోనివ్వకండి, సరిచూడగలిగే మనుషుల్ని, అధికారాన్ని రాష్ట్ర ఎన్నికల కార్యాలయానికే ఇవ్వండి అన్నాను. ఎలా తెలుసంటే, ఆ మోసం చేసింది నేనే అని జరిగిందంతా రాశాను. ఇక్కడ పేరు దాచుకున్నాను గానీ అక్కడ సంతకం పెట్టాను. కేసు పెడితే పెట్టనివ్వండి, వెనక్కి తీసుకోను.

నిన్న ఆ కాగితం నకలు పట్టుకుని అల్వాల్‌లో యాదగిరన్న ఇంటికెళ్లాను. ఆయన మొదటి పేజీ చదివి, భార్యను కేకేశాడు.

"గట్టిగ సదువు. నువ్వు సుత నమ్మలే గద నన్ను."

ఆమె చదవడం మొదలుపెట్టింది. నేను చేసిన పని మరొకరి నోట వింటుంటే ఇన్నేళ్లకు నాకు ఊపిరాడింది. ఆమె భర్త పేరు వచ్చిన చోట ఆగి, ఆ వాక్యం రెండోసారి చదివింది. యాదగిరన్న నా వైపు చూడలేదు, కూర్చోమనలేదు. గుమ్మంలో నిలబడే చివరిదాకా విన్నాను.