సుబ్బయ్య సారు కత్తెర

పెద్దసుబ్బయ్య గారికి ఉన్నది ఒకటే పిచ్చి, కాగితం పిచ్చి. కడపలో బోరు మోటర్లు, పైపులు అమ్మే ఆయన అంగడిలో ఎవరైనా కాగితానికి ఒక పక్కే రాసి పారేస్తే, ఆయన దృష్టిలో అది దొంగతనం కంటే పెద్ద నేరం. చొక్కా జేబులో పెన్ను లేని రోజు ఉండొచ్చు గానీ కత్తెర లేని రోజు లేదు. పెళ్లిపత్రిక వస్తే ముహూర్తం ఉన్న ముక్క దాచుకుని, మిగిలింది చీటీలుగా కత్తిరించేవారు. ఒకసారి పొరపాటున ముహూర్తమే కత్తిరించి, మూడు రోజులు ఆలస్యంగా పెళ్లికి వెళ్లారు. వాళ్లు మర్యాదస్తులు కాబట్టి అన్నం పెట్టారు. ఈయన చెయ్యి కడుక్కుని, "పత్రిక వెనకాల ఏమీ అచ్చెయ్యకుండా వదిలినారు చూడు, శానా మంచి పని" అని మెచ్చుకుని వచ్చారు.

సెలవు కావాలని రాసిస్తే, అనుమతి కూడా ఆ కాగితం వెనకే రాసి, రాయని భాగం కత్తిరించుకుని మిగిలింది మన చేతికి ఇచ్చేవారు. ఒక్కోసారి అందులో "సెలవు" అన్న మాట ఉండేది, ఎన్ని రోజులో ఉండేది కాదు.

నాకు ఉద్యోగం వచ్చింది ఆ పిచ్చి వల్లే. నా పేరు శిరీన్. అప్పటికి విడాకులై ఏడాది, నాలుగేళ్ల కూతురు. మా నాయన బోర్లలోకి మోటర్లు దించే పని చేసేవాడు. సెలవుల్లో ఆయన వెంట పొలాలన్నీ తిరిగాను కాబట్టి డిగ్రీలో నేర్చుకున్నదానికంటే ఆ పని ఎక్కువ వచ్చు. ఆ ధైర్యంతో ఏడు అంగళ్లలో అమ్మకాల ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. ఏడు చోట్లా దరఖాస్తులో పేరు, పెళ్లి, పిల్లల వివరాలుండే పై సగం చదివి అక్కడే ఆగిపోయారు.

"మొగుడు యాడుంటాడమ్మా?"

"బిడ్డకు జ్వరమొస్తే ఎవురు చూస్తారు?"

"పల్లెలు తిరగల్ల. మీ ఇండ్లల్లో ఒప్పుకుంటారా?"

ఒకాయన మాత్రం ఏమీ అడగలేదు. నా ఫోటో ఒకసారి, నన్నొకసారి చూసి, "వచ్చినోళ్లకు నీళ్లిచ్చే పనైతే ఉండాది" అన్నాడు. మోటరు గురించి ఒక్కరూ అడగలేదు.

ఎనిమిదోది సుబ్బయ్య గారి అంగడి. గోడౌన్లో పైపుల మీద పాతికమందిమి కూర్చున్నాం. కాగితం పై సగంలో పేరు, తండ్రి పేరు, పెళ్లి, పిల్లలు, ఫోటో, అన్నీ పెట్టమన్నారు. కింది సగంలో ఒక ప్రశ్నకు జవాబు రాయమన్నారు. బోరులో నీళ్లు తగ్గాయని ఒక రైతు కొత్త మోటరుకు వస్తే ఏం చెబుతావు, అదీ ప్రశ్న. రాయడం అయ్యాక ఆయన ఒక్కో కాగితం మీద పైనా కిందా ఒకే నంబరు వేసి, ఎవరి నంబరు వాళ్లకు చెప్పి, మధ్యకు కత్తిరించి, పై ముక్కలు బిస్కెట్ల డబ్బాలో వేసి తాళం పెట్టారు. "పైముక్కలు చీటీలకు పనికొస్తాయి" అని మెకానిక్ యేసుప్రసాద్‌తో అంటుంటే విని, ఇదేం పిసినారితనమని నవ్వుకున్నాం.

కింది ముక్కలు యేసుప్రసాద్ దిద్దాడు. చాలామంది అన్నిటికంటే పెద్ద మోటరు అంటగట్టి, దానిమీద తగ్గింపు ఇచ్చారు. నేను మాత్రం, ముందు నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉన్నాయో చూడాలి, రెండు పైపులు వేసి మోటరు కిందికి దించితే సరిపోతుందంటే కొత్తది అమ్మకూడదు, అని రాశాను.

"తొమ్మిదో నంబరు, లోపలికి రాప్పా" అని కేకేశాడు యేసుప్రసాద్. నేను వెళ్లాను. అతను నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూశాడు.

"సార్, ఆడమనిషి."

"అయితే ఏం చేసేది? పేరుండే ముక్క నేను చూసినానా?" అన్నారు సుబ్బయ్య గారు చాలా బాధగా. "మళ్లా పరీక్ష పెడదామంటే ఇంకో పాతిక కాగితాలు కావల్ల. నువ్వు తెస్తావా?"

యేసుప్రసాద్ తేనన్నాడు. అలా, కాగితం మిగల్చడానికి, నన్ను పనిలోకి తీసుకున్నారు.

తర్వాత నాలుగేళ్లలో ఇదే పద్ధతిలో శ్రీదేవి వచ్చింది, పద్మప్రియ వచ్చింది. ప్రతిసారీ సుబ్బయ్య గారు తలపట్టుకుని, "మళ్లా ఆడమనిషేనా, నా ఖర్మ" అనేవారు. మధ్యలో ఒకసారి ఈరేష్ అనే కుర్రవాడు గెలిచాడు. అప్పుడూ అలాగే తలపట్టుకుని, "మగోడా, నా ఖర్మ" అన్నారు. అలవాటు కొద్దీ అన్నారనుకున్నాం.

మొన్న మార్చిలో మా అంగడికి మోటర్లిచ్చే కంపెనీ నుంచి తేజేశ్వర్ అనే మేనేజరు వచ్చాడు. ఇకమీదట తమ మోటర్లు అమ్మే అంగళ్లన్నిటికీ ఉద్యోగ దరఖాస్తులు కంప్యూటర్లోనే రావాలట. ఫోటో, తండ్రి లేదా భర్త పేరు, పెళ్లయిందా, పిల్లలెందరు, ఏ గడి ఖాళీగా వదిలినా దరఖాస్తు ముందుకు కదలదు. మా ప్రశ్నకు జవాబు వీటన్నిటి కిందే.

"ఇదంతా దేనికప్పా?" అన్నారు సుబ్బయ్య గారు.

"సమాన అవకాశాల కోసం సార్. మా కంపెనీ దీనికోసం పోస్టరు కూడా వేసింది." తేజేశ్వర్ పోస్టరు విప్పి చూపించాడు. ఇనప టోపీ పెట్టుకున్న ఒకమ్మాయి మోటరు పక్కన నిలబడి నవ్వుతోంది.

"మీ అమ్మకాల్లో ఎంతమంది ఆడోళ్లుండారు?"

తేజేశ్వర్ కొంచెం ఆలోచించి, "ఈమె ఉంది సార్" అని పోస్టరు వైపే చూపించాడు.

అతను వెళ్లాక సుబ్బయ్య గారు కంప్యూటరు ముందు కూర్చుని, దాని అంచులు తడిమి చూశారు. "కత్తెర దిగేదానికి లేదని దిగులు పడినాడు పాపం" అన్నాడు యేసుప్రసాద్. అందరం నవ్వాం.

మరుసటి ఆదివారం సెలవు. ఒక రైతుకు ఇవ్వాల్సిన మోటరు స్టార్టరు అంగట్లోనే మర్చిపోయానని తీసుకోడానికి వెళ్లాను. లోపల ప్రింటరు చప్పుడవుతోంది. సుబ్బయ్య గారు నేల మీద కూర్చుని ఉన్నారు. పక్కన కొత్త కాగితాల కట్ట, తెరిచి ఉంది. కొత్త ఉద్యోగానికి వచ్చిన అరవై దరఖాస్తులూ తెల్లటి కాగితాల మీద, ఒక్క పక్కే అచ్చేసుకుంటూ, ఒక్కొక్కటే మధ్యకు కత్తిరిస్తున్నారు. పెళ్లిపత్రికను కూడా వదలని మనిషి.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆయన దొంగ దొరికినట్టు చూశారు.

"సార్, ఆ గళ్లు కంప్యూటర్లోనే దాచెయ్యొచ్చు" అన్నాను.

"దాస్తే మళ్లా తీసి చూడబుద్ధి అయితాది. కత్తిరిస్తే పీడ పాయె."

"అంటే ఇన్నేండ్లూ చీటీల కోసం కాదా?"

ఆయన కాగితాలు సర్దుతూ చెప్పారు. "పదకొండేండ్ల కింద సోమక్క అనే ఆయమ్మ దరఖాస్తు పెట్టుకునింది. మొగుడు లేడు, ఇద్దరు పిల్లోళ్లు, అని పైన రాసింది. అంతే చదివినా. ఈమె యాడ తిరుగుతాదిలే అని పక్కన పెట్టినా. కింద ఏం రాసిందో సూడనే లేదు. ఆయమ్మ మన ఎదురంగడిలో చేరింది. అప్పట్నుంచి మన రైతులు సగం మంది రోడ్డు దాటి ఆడికే పోతాండారు. పై సగం కండ్లబడితే నా బుద్ధి వంకరపోతాదమ్మా. దాన్ని నేను నమ్మను."

"మరి ఈ మాట మాకెందుకు చెప్పలేదు సార్?"

"న్యాయం కోసమంటే ప్రతోడూ వాదనకొస్తాడు. మావాడుండాడు, ఒక్కసారి పేరు చూడండి అంటాడు. పిసినారి అంటే ఎవురూ ఏమీ అడగరు."

"సోమక్కను మళ్లీ పిలవకూడదా?"

"పోయినేడు పోయి పిలిచినా, తప్పయిపోయింది రామ్మా అని. కాగితం ముక్కకే అంత ఏడ్చేవాడు జీతమేం ఇస్తాడు అనింది."

ఆ మాట చెప్పి ఆయనే నవ్వారు. ఇంకా ముప్పై దరఖాస్తులు మిగిలున్నాయి. నేను స్టార్టరు సంగతి పక్కన పెట్టి, చెప్పులు విడిచి, ఆయనకు ఎదురుగా నేల మీద కూర్చున్నాను. పేర్లు కనబడకుండా కాగితాలు బోర్లా తిప్పి, ఒక్కొక్కటే అందించడం మొదలుపెట్టాను.