ఎండలో నీలం, నీడలో ఆకుపచ్చ

బండి హ్యాండిలు మీద చేయి వేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. ఆ రోజుల్లో మనిషికి తెలివి కన్నా ముందు బండి వచ్చేది. నాకైతే తెలివి ఇంకా దారిలోనే ఉంది. గద్వాలలో కొత్త కాపురం. దూరాలు తిరగాలని ఒక పాత, పెద్ద మోటారుసైకిల్ సంపాదించాను, దున్నపోతు నలుపు. (దాని చప్పుడుకు మా వీధిలో బర్రెలు పాలు చేపడం మానేశాయి.) మా ఆవిడను వెనక కూర్చోబెట్టుకుని సోమశిల దాకా పోయి కృష్ణ ఒడ్డున దిగాలి, అదే నా కల. ఆమె బండిని ఒక్క చూపు చూసి, "గీ నల్లదాని మీద కొత్త పెండ్లిపిల్ల ఎక్కుతదా? రంగు మార్పిస్తె ఎక్కుత, లేకుంటె నువ్వొక్కనివే పో" అని లోపలికి పోయింది.

ఏ రంగని అడగడం నామోషీ అనిపించి, ఆమె పెళ్లిచీర జాకెట్ గుడ్డలో మిగిలిన ముక్కను జేబులో వేసుకుని, వనపర్తిలో బండ్లకు రంగులు వేసే చాచా దగ్గరికి పోయాను. ఆ ముక్కది అచ్చం నెమలి మెడ రంగు. చాచా షెడ్డు నీడలో ముక్కను చూసి ఆకుపచ్చ కలిపాడు. సరిపోల్చుదామని ఎండలోకి తెస్తే ముక్క నీలమైపోయింది. లోపలికి పోయి నీలం కలిపాడు. ముక్క మళ్లీ ఆకుపచ్చ. (పడుగు నీలం, పేక ఆకుపచ్చ. గద్వాల మగ్గాలకు ఇది మామూలే. గద్వాలలో ఉండి నాకు తెలియకపోవడమూ మామూలే.) నాలుగోసారికి చాచా డబ్బా కింద పెట్టేశాడు.

"ఏంది బేటా, ఇది గుడ్డనా, ఊసరవెల్లా? పరేషాన్ జేస్తున్నది. సాఫ్ జెప్పు, నీ బండి ఎండల నడుస్తదా, నీడల నడుస్తదా?"

"సోమశిల పోవాలె చాచా. రెండిట్ల నడుస్తది."

"గట్లయితె రెండూ ఏస్త తియ్!"

మూడో రోజుకు బండి ఎడమవైపు ఆకుపచ్చ, కుడివైపు నీలం. నేను ఇల్లు చేరేలోపే మా వీధికి ఒక పక్కవాళ్లు పచ్చబండి అని, రెండో పక్కవాళ్లు నీలంబండి అని కొట్లాట మొదలుపెట్టారు. మా ఆవిడ బండి చుట్టూ ఒకసారి తిరిగింది. మళ్లీ తిరిగింది. నా జేబులోంచి తొంగిచూస్తున్న ముక్కను లాగి ట్యాంకు మీద పరిచింది.

"ఇంత పని జేసినవా? ఆగు, గా చీరనే గట్టుకొస్త."

కొల్లాపూర్ దాటాక ఒక మగ నెమలి రెండు మైళ్లు మా వెంట పరుగెత్తింది, చుట్టమనుకుని.

ప్రమాణం చేశాను కనుక ఒప్పుకుంటున్నాను, ఒకటి కల్పించాను. నెమలి అనుకుంటున్నారేమో, నెమలి నిజం. నలుపును మా ఆవిడ ఏమీ అనలేదు. "నీ నడుపుడు సూస్తె భయమైతది. జర మంచిగ నేర్సుకో, ఎక్కుత" అంది. నేర్చుకోవడం కన్నా రంగు వేయించడం తేలికనుకున్న కుర్రవాణ్ణి నేను. ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా ఆ చీర కట్టుకుని, నా భుజం గట్టిగా పట్టుకుని ఎక్కింది.

మొన్న కొత్త బండికి రంగు ఎంచుకుందామని ఇద్దరం షోరూముకు పోయాం. నేను ప్రతి రంగునూ ఎండలోకి తెమ్మంటుంటే నా చెవిలో అంది: "రంగు ఏదైతేంది గని, నడుపుడు నేర్సినవా?"

నేర్చుకుంటూనే ఉన్నాను. భుజం మీద ఆ పట్టు మాత్రం ఈ మధ్య కొంచెం వదులైంది.