పద్నాలుగో సీసాలో చిటికెడు

శశికళగారికి దేన్నైనా అడుగంటా ఊడ్చే అలవాటు లేదు. బియ్యం డబ్బా అయినా, పసుపు భరిణె అయినా, చిటికెడు మిగలందే కొత్తది పోయరు. చిన్నప్పుడు వాళ్లమ్మ నేర్పిన పద్ధతి అది. అమెరికాలోని అల్ఫారెట్టా ఊళ్లో ఓ చిన్న మందుల పరిశోధన సంస్థలో టెక్నీషియన్‌గా చేరాక కూడా ఆ చెయ్యి మారలేదు.

ఆవిడ పని మందు గుళికలను పరీక్షించడం. చూస్తే తెల్లటి పొడి, మైక్రోస్కోప్ కింద పెడితే వేల గుళికలు. అరిగిపోతున్న మోకాళ్లలో ఒక ఎంజైము మృదులాస్థిని కొరుక్కు తింటుంది. దాని నోరు కట్టే మందు ఉంది కానీ, సూదితో ఎక్కిస్తే రెండు రోజుల్లో కొట్టుకుపోతుంది. అందుకని ఆ మందును గుళికల్లో దాస్తారు. గుళిక నెమ్మదిగా కరుగుతూ నెల రోజులపాటు రోజుకింత విడుస్తుంది, చివరికి తానూ కరిగిపోతుంది. అలా కరిగితే మిగిలేవాటిలో ఒకటి పెరుగుకు పులుపునిచ్చే ఆమ్లమేనని, వాటిని తయారుచేసే శాస్త్రవేత్త భాస్కర్ చెప్పిన రోజు, ఆవిడ పెరుగన్నం డబ్బా మూత పట్టుకుని అలాగే నిలబడిపోయారు. భగవంతుడు పాలల్లో పెట్టిన గుణం మోకాలి నొప్పి దాకా వెళుతుందని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు. ఆవిడవీ నొప్పి మోకాళ్లే. అది కనిపెట్టి, గాజుసామాను కడిగే డోనా ఓ రోజు ఏమీ అనకుండా ఎత్తు స్టూలొకటి తెచ్చి ఆవిడ బల్ల దగ్గర వేసి వెళ్లింది.

2010 వసంతంలో పద్నాలుగో విడత గుళికలు పరీక్షకు వచ్చాయి. ఒంటి వేడిమి ఉన్న ఉప్పునీటి గొట్టాల్లో వాటిని ఉంచి, ఎంత మందు బయటికి వచ్చిందో ఆవిడ రోజూ పొద్దున్నే కొలిచేవారు. ముప్ఫై రోజులూ ఒకే కొలత. లోపల ఎవరో కూర్చుని పూటపూటా చూసి వడ్డిస్తున్నట్టు ఉండేది. ఆ అంకె వేసేముందు ఆవిడ లోలోపల దణ్ణం పెట్టుకునేవారు.

ఆ తరవాత ఏమైందో తెలియదు. పదిహేను నుంచి పంతొమ్మిది దాకా ప్రతి విడతా మొదటి రోజే సగం మందు కక్కేసింది. నెలాఖరులోగా దారికి రాకపోతే ఈ పని మూసేస్తామని పైవాళ్లు చెప్పేశారు. ఆ మధ్యాహ్నం భాస్కర్ లంచ్ డబ్బా తెరవకుండానే కూర్చున్నాడు.

"పద్నాలుగులో చిటికెడు మిగిలున్నా పోల్చి చూసేవాణ్ణి, శశికళగారూ. అంతా వాడేశాం."

ఆవిడ తన డబ్బాకు మూత పెట్టేశారు. ఫ్రీజర్‌లో వెనక అరలో, పద్నాలుగో సీసాలో చిటికెడు ఉంది. పరీక్షలకు తీసినవన్నీ సరిగ్గానే తూచి రాశారు. చివరి వరుసలో మాత్రం, మొత్తం వాడేసి సీసా పారేసినట్టు రాసి సంతకం పెట్టారు. మందుల పనిలో రికార్డులో తప్పు రాస్తే ఉద్యోగం పోవచ్చు. సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెడుతూ, వత్తి వెలిగించిన చేత్తో తప్పు రాశానే అని కుమిలిపోయారు. మర్నాడు తిన్నగా భాస్కర్ గదికే వెళ్లారు.

"పద్నాలుగు కొంచెం ఉందండీ. లాగ్‌లో లేదని రాశాను."

అతను పెన్ను కింద పెట్టాడు. "ఎందుకు ఉంచారు?"

"సీసా ఖాళీ చెయ్యబుద్ధి కాలేదు."

"మా అమ్మమ్మ వీసా తీసుకుని ల్యాబ్‌లో చేరినట్టుంది నాకు," అన్నాడు భాస్కర్. "ముందు సీసా తెండి. తిట్లు తరవాత."

పెద్ద మైక్రోస్కోప్ తెర మీద రెండూ పక్కపక్కన కనబడ్డాయి. కొత్త గుళికల ఒంటినిండా పెనం మీద కాలిన అట్టుకున్నట్టు చిల్లులు. పద్నాలుగోవి ఒలిచిన తాటిముంజెల్లా నున్నగా ఉన్నాయి. ఇసుక రేణువుకన్నా చిన్నదానికి అంత నిండైన గుండ్రదనం ఎవరు దిద్దారా అని ఆవిడ కళ్లు చెమ్మగిల్లాయి.

భాస్కర్ మాత్రం తల పట్టుకున్నాడు. "ఇది చేసిన రోజే కదండీ మంచు పడింది?"

ఫిబ్రవరిలో ఆ రోజు మంచు పడుతోందని మధ్యాహ్నమే అందర్నీ ఇళ్లకు పంపేశారు. భాస్కర్ బీకరు మీద సగం మూత పెట్టి, లోపల తిరుగుతున్న ద్రావణాన్ని అలాగే వదిలి వెళ్లి, మర్నాడు వచ్చి తీశాడు. లాగ్‌లో మాత్రం అలవాటుకొద్దీ ఎప్పటిలాగే మూత లేకుండా మూడు గంటలు తిప్పినట్టు రాసేశాడు. అందులోని ద్రావకం తొందర లేకుండా ఆవిరైతే గుళిక చర్మం చిల్లు పడకుండా గట్టిపడుతుందన్నమాట.

"మీరు ఒక వరుసే తప్పు రాశారు. నేను రెండు రాశాను," అన్నాడు భాస్కర్. ఇద్దరూ దిద్దుబాట్లు రాసి, సంతకాలు పెట్టి పైకి పంపారు. ఇద్దరికీ హెచ్చరిక ఉత్తరాలు వచ్చాయి. వాటితోపాటు ఇరవయ్యో విడత చేసుకోవడానికి అనుమతీ వచ్చింది.

ఆ విడత పరీక్షలో మొదటి పొద్దున శశికళగారు స్టూలు మీద కూర్చుని అంకె కోసం చూస్తుంటే, డోనా తడిచేతులు తుడుచుకుని వచ్చి పక్కన నిలబడింది. వచ్చింది పద్నాలుగో విడత అంకే. మొత్తం ముప్ఫై పొద్దులూ అదే వచ్చింది. పని మూయలేదు.

ఆ విడత గొట్టాల్లో ఒకదాన్ని ఆవిడ ఇంకో రెండు నెలలు అలాగే ఉంచారు. ఆఖరి రోజు వెలుతురుకు ఎత్తి, వంచి, అడుగున ఏమైనా మిగిలిందేమోనని వెతికారు. తేట నీళ్లు తప్ప ఏమీ లేవు. మోసినదంతా ఇచ్చేసి, మోసిన పాత్ర కూడా వెళ్లిపోయింది. ఆవిడ ఆ గొట్టాన్ని స్టాండులో పెట్టి రెండు చేతులూ జోడించారు.

ఫ్రీజర్‌లో ఇరవయ్యో సీసా మీద మాత్రం భాస్కర్ చేతిరాతతో చీటీ ఉంది: "చిటికెడు ఉంచాలి."