లోపలి గది

ఏటా మార్చిలో, వాలెన్సియా ఊరంతా టపాసులతో దద్దరిల్లే పండగ రోజుల్లో, ఎలాడియో అదే పాత చవక హోటల్లో దిగుతాడు. ఆయాసంతో మెట్లెక్కి, టోపీ తీసి చంకలో పెట్టుకుని, తన పల్లె నుంచి తెచ్చిన ఎండు సాసేజీ పొట్లం బల్ల మీద పెట్టి, "లోపలి గదేనమ్మా" అంటాడు. ఆ గదిలోంచి వీధి కనబడదు. కిటికీ తీస్తే ఎదుటివాళ్ళు ఆరేసిన బట్టలే. చీమ చిటుక్కుమన్నా ఆయన వెంట వచ్చే భార్య హెర్మీనియాకు మెలకువ వచ్చేసేది. ఆయనేమో బాణసంచా అంటే ప్రాణం పెట్టే మనిషి, అయినా ఆమె కోసం గోడవైపు తిరిగి పడుకుని, "ఎప్పటికైనా వీధివైపున్న ఆ బాల్కనీ గదిలో దిగాలే" అని గొణిగేవాడు.

హెర్మీనియా చలికాలంలో పోయింది. ఈసారి ఒక్కడే వచ్చాడు, పొట్లంతో సహా. హోటలామె విసెంటా బాల్కనీ గది తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, "అద్దె పాతదే. కాదన్నారంటే ఊరుకోను" అంది. ఆయన పైకి వెళ్ళాడు, బాల్కనీలో నిలబడి వీధిలో టపాసులు పేలడం కాసేపు చూశాడు, తాళంచెవి పట్టుకుని మళ్ళీ దిగొచ్చాడు.

"ఏమండీ, నచ్చలేదా?"

"గది బంగారంలా ఉందమ్మా. గోలే ఎక్కువ. నిద్ర పట్టదు."

"మీకా? చెవిలో మిషన్ తీసేస్తే ఫిరంగి పేలినా వినబడదని ఆవిడ ఎంత ఏడిపించేవారు మిమ్మల్ని!"

ఆయన టోపీ అంచు వేళ్ళతో తిప్పుతూ, "నాకు కాదమ్మా" అన్నాడు.

విసెంటా లోపలి గది తాళంచెవి తీసి, ఎప్పటిలాగే రెండు తువ్వాళ్ళ మీద పెట్టి ఇచ్చింది.