కాకికి తగలని కరెంటు

మొన్న అటక మీది ట్రంకుపెట్టె దింపి మూత తీయగానే పాత రబ్బరు గ్లవుసుల వాసన గుప్పుమంది. ఎండిన చెమట, ట్రాన్స్‌ఫార్మర్ ఆయిలు, లోపల చల్లుకునే పౌడరు కలిసిన ఆ వాసన మా నాన్నది. అనకాపల్లిలో లైన్‌మన్‌గా ఉన్నన్నాళ్లూ ఆయన కన్నా ముందు ఆ వాసనే ఇంట్లోకి వచ్చేది. గ్లవుసుల కింద నా ఆరో తరగతి నోటుపుస్తకం ఉంది. దాని చివరి పేజీలో స్కేలు పెట్టి గీసిన గళ్ల పట్టిక చూసి నేలమీదే కూర్చుండిపోయాను. నిప్పు, నీరు, గడ్డి, నేల, కరెంటు, పిట్ట: ఎవరు ఎవరిని కొడతారో రాసుకున్న పట్టిక అది.

రెండువేల నాలుగో, ఐదో గుర్తులేదు, ఆ సంవత్సరం విశాఖపట్నంలో ఉండే పిన్ని ఎవరో వాడి వదిలేసిన వీడియోగేమ్ ఒకటి నాకు తెచ్చి ఇచ్చింది. అరచేతిలో పట్టేది, లోపల క్యాసెట్ పెడితే వింత జంతువులు ఒకదాన్నొకటి కొట్టుకునేవి. ఒకటి నిప్పు ఊదేది, ఇంకొకటి నీళ్లు చిమ్మేది, మరొకటి కరెంటు కొట్టేది. దేనికి ఏది లొంగుతుందో ఇంగ్లీషులో గబగబా వచ్చి పోయేది, నాది తెలుగు మీడియం. అందుకని కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయిన ఎండాకాలం మధ్యాహ్నాల్లో, తాటిముంజలు ఒలుచుకుంటూ, మండీ వైపు నుంచి గాలి వీస్తే ఇల్లంతా పరుచుకునే బెల్లం వాసన పీల్చుకుంటూ, ఇంట్లోవాళ్లని అడిగి ఆ గళ్లు నింపుకునేదాన్ని.

మా మామ్మ బుచ్చయ్యపేటలో చెరుకు గానుగ పక్కన పెరిగిన మనిషి. నీళ్లు నిప్పుని ఓడిస్తాయని నేను రాస్తుంటే ఆవిడ ఒప్పుకోలేదు. పెనం నిండా పోసిన రసంలో నీళ్లన్నీ ఎగిరిపోయి బెల్లం మిగిలేటప్పుడు గెలిచిందెవరో చెప్పమంది. గడ్డి సంగతి అడిగితే, చెరుకుపిప్పి లేనిదే పొయ్యే మండదు కాబట్టి గడ్డీ నిప్పూ వియ్యంకులని తేల్చింది. ఆ రెండు గళ్లలోనూ ప్రశ్నార్థకం పెట్టుకున్నాను.

కరెంటు వరస మాత్రం నాన్నదే. సగం ఊరికి కరెంటు ఇచ్చే మనిషి ఇంట్లో ఉండగా వేరేవాళ్లని అడగడమేమిటి? నీళ్లకి కరెంటు యముడన్నాడు, తడిచేత్తో స్విచ్చి ముట్టుకున్నందుకు నా వీపు మీద ఎప్పుడో నేర్పిన పాఠమే అది. నేలకి కరెంటు తగలదన్నాడు, ఎర్త్ వైరు వేసేది అందుకేనట, ఎంత కరెంటునైనా నేల మింగేస్తుందట. ఇక పిట్ట సంగతి.

"తీగ మీద కాకి కూకుంటాదా, నేదా? సచ్చిపోతందేటే? పిట్టని కరెంటు ఏటీ సెయ్యదు. రాసుకో."

రాసుకున్నాను, ఎర్ర పెన్నుతో.

మా మేనత్త కొడుకు మాడుగుల నుంచి ప్రతి వేసవికీ హల్వా పెట్టెతో దిగేవాడు. నాకన్నా రెండేళ్లు పెద్ద, నాలుగింతలు గొప్పలు. ఆ హల్వా కోసమే బావని భరించేదాన్ని. ఆ ఏడాది అతనూ అలాంటి గేమే తెచ్చాడు, రెంటినీ కలిపే వైరు కూడా తెచ్చాడు. పందెం కట్టాడు: చెరి రెండు జంతువులు దింపాలి, ఓడినవాళ్లు గెలిచినవాళ్లు అడిగింది ఇచ్చెయ్యాలి. నేను ఓడితే చిట్టిని ఇమ్మన్నాడు.

చిట్టి నా పిట్ట. మొదటిరోజు నుంచి పెంచాను, పరీక్షలప్పుడు కూడా సోషల్ పుస్తకం చాటున పెంచాను. అది పోతే నాకు ముద్ద దిగదు. అయినా సరేనన్నాను, మా నాన్న లైన్‌మన్ కదా.

వీధిగదిలో చాప మీద కూర్చున్నాం. బావ కరెంటు తొండని దింపాడు. నేను నవ్వు ఆపుకుంటూ చిట్టిని దింపాను. తొండ ఒక్కసారి తోక విదిలించింది, చిట్టి టపీమని పడిపోయింది.

నా చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. నాన్న చెప్పింది తప్పు! అయితే నాన్న చెప్పినవన్నీ తప్పే అయ్యుండాలి, తిరగేసి ఆడితే గెలుస్తాను. నా దగ్గర బురద దున్న ఉంది, వాలుగ చేప ఉంది. నేలకి కరెంటు తగలదని నాన్న అన్నాడు కాబట్టి దున్నని పక్కన పెట్టి, నీళ్లకి యముడన్నాడు కాబట్టి చేపని దింపాను. అది వేపుడైపోయింది.

"దున్నని దింపాల్సింది కదే," అన్నాడు బావ, వైరులోంచి చిట్టిని లాక్కుంటూ. "నేలకి కరెంటు అంటదు, ఆమాత్రం తెల్దా?"

అలా నాన్నని నమ్మి ఒకసారి, నమ్మక ఒకసారి ఓడిపోయాను. వైరులో ఒకటి తీసుకుంటే ఒకటి ఇవ్వక తప్పదు కాబట్టి, బదులుగా బావ ఒక నత్తని ఇచ్చాడు. పట్టిక మీద అడ్డంగా గీతలు కొట్టి "నాన్న అబద్ధం" అని రాసి, పుస్తకం మంచం కిందకి విసిరేసి, హల్వా కూడా ముట్టకుండా ఏడ్చాను.

సాయంత్రం నాన్న వచ్చి సంగతంతా విన్నాడు. స్తంభం మీద ఫాల్టు వెతుకుతున్నంత శ్రద్ధగా ఆలోచించాడు.

"రెండో కాలు ఎక్కడెట్టింది?" అన్నాడు.

గేమ్‌లో తీగా లేదు, స్తంభమూ లేదని చెప్పాను. ఒక్క తీగ మీదుంటే పిట్టకి ఏమీ కాదనీ, రెండో కాలు స్తంభానికి తగిలితేనే ముప్పనీ, ఆ గేమ్ తయారుచేసినవాడు జన్మలో స్తంభం ఎక్కి ఉండడనీ అన్నాడు. మర్నాడు పొద్దున్నే సైకిలు మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లి, తీగ మీద వరసగా కూర్చున్న కాకుల్ని చూపించాడు. నేను మొహం తిప్పుకున్నాను.

ఇప్పుడు మా వీధిలో ఆ తీగల్లేవు, నల్లటి లావుపాటి కేబులు ఒక్కటే వేలాడుతోంది. క్యాసెట్లో జంతువుల్ని గుర్తుపెట్టుకునే బ్యాటరీ ఎప్పుడో చచ్చి నత్త పోయింది, బావ దగ్గర చిట్టీ పోయిందట. ఈ పట్టిక మిగిలింది. నా గీతల కింద, "నాన్న అబద్ధం" పక్కన, నేను ఇన్నేళ్లూ చూడని నీలం సిరా ఉంది. కంప్లైంటు రిజిస్టరులో రాసే ఆ వాలు అక్షరాలు నాకు తెలుసు.

"ఈసారి దున్నని దింపు. నేలని కరెంటు ఏమీ చేయదు. ఇది మాత్రం నిజం."

పుస్తకం తీసుకెళ్లి, టీవీ ముందు కూర్చున్న నాన్నకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని, తను రాసింది తనే రెండుసార్లు చదువుకున్నాడు.

"మరి గెలిచేవా?" అన్నాడు.

"గెలిచేను నాన్నా," అన్నాను.