మెర్డేకాకు వెళ్ళని గోల్‌కీపర్

పక్క క్వార్టర్ బావ మొన్న పొద్దున రైల్వే ఆసుపత్రిలో పోయాడు. నాకు చుట్టమేమీ కాదు. సిక్కోలు వైపు నుంచి ఒకే ఏడు ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో చేరినవాళ్ళం, వరస కలుపుకున్నాం. ఆయన గురించి ఈ నాలుగు ముక్కలు రాసే అర్హత నాకుందో లేదో, చివరిదాకా చదివి మీరే చెప్పండి.

ఆగస్టు వచ్చిందంటే బావకు మెర్డేకా జ్వరం పట్టుకునేది. మలయా దేశం తనకు స్వతంత్రం వచ్చిన సంబరానికి ఆసియా జట్లను పిలిచి కౌలాలంపూర్‌లో ఆడించే ఫుట్‌బాల్ కప్పు అది. "పేరంటానికి పిలిసినట్టు పిలుస్తార్రా. ఎల్లి ఓడిపోయి రావడమే మనకలవాటు" అనేవాడు. మొదటి ఏడు నుంచి ఎవరు ఎవరిని కొట్టారో నోటికి చెప్పేవాడు. మనవాళ్ళు రెండుసార్లు రెండో స్థానం దాకా వెళ్ళారు. ఫైనల్లో బర్మా చేతిలో ఓడిన ఏడు ఆయన అన్నం ముట్టలేదు. రేడియో కట్టేసి, "గోల్‌కీపర్ ఓ అడుగు ముందుకొచ్చుంటే..." అని ఊరుకున్నాడు.

ఆ మాట ఆయన అనొచ్చు. మా వర్క్‌షాపు జట్టుకు ఒకప్పుడు ఆయనే గోల్‌కీపర్. అంతకు ముందు ఒక ఏడు, మెర్డేకా జట్టు ఎంపికకు కలకత్తా రమ్మని ఆయనకు తంతి వచ్చింది. పది రోజుల గడువు.

సరిగ్గా అప్పుడే కలకత్తాలో ఏదో మ్యాచ్ చూడాలని నాకు బుద్ధి పుట్టింది. సెలవు దొరకలేదు. మా షాపులో ఒక దొంగ అలవాటు ఉండేది. పొద్దున మన నంబరున్న ఇత్తడి టోకెన్ బోర్డుకు తగిలిస్తే హాజరు. ఒకడి టోకెన్ ఇంకొకడు తగిలించి, వాడి పని చేసేసేవాడు. దొరికితే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి.

"ఇలాగియ్యి. నాకియ్యాల సెలవే. ఆట బాగా సూసొచ్చి సెప్పు" అన్నాడు బావ.

నేను తిరిగొచ్చేసరికి రేకులు కత్తిరించే మిషను ఆయన కుడిచేతి మూడు వేళ్ళు తినేసింది. ఎడమచేత్తో బోర్డు మీది నా టోకెన్ తీసి జేబులో వేసుకున్నాకే ఆసుపత్రికి బయలుదేరాడట. సెలవు రోజు ఊరికే వచ్చి మిషను మీద చెయ్యేశాననీ, తప్పంతా తనదేననీ ఫోర్‌మన్‌కు చెప్పాడు.

మంచం పక్కన నేను ఏడుస్తుంటే కసిరాడు. "నోరు ముయ్యి. నీ నౌకరీ కూడా పోతే నా ఏళ్ళొస్తాయేటి?"

నోరు మూసుకున్నాను. ఆయన్ను తుక్కు షెడ్డుకు మార్చారు. ఆయన చెప్పిందే ఊరంతా నమ్మింది, నేను అక్కా అని పిలిచే ఆయన భార్యతో సహా. "ఒళ్ళు దగ్గరెట్టుకోని మనిషి, సేతులారా సెడగొట్టుకున్నాడు" అని బావను ఆవిడ దెప్పని రోజు లేదు. నా ముందే దెప్పేది. బావ నా వైపు చూసేవాడు కాదు. నేను టీ తాగుతూ కూర్చునేవాణ్ణి. అంత పిరికితనం నాలో ఉందని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు, అయినా రేపు రమ్మనేవాడు.

నిన్న వెళ్ళి అక్కతో అంతా చెప్పేశాను. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు.

"వారం ముందు సెప్పలేకపోనావా తమ్ముడూ? ఆ మనిషిని ఒక్క మంచి మాట అనేదాన్ని."

ఆవిడ దండెం మీది ఆయన చొక్కా తీసి ఒళ్ళో పెట్టుకుంది. మిగిలిన రెండు వేళ్ళకు వీలుగా, గుండీలు పీకేసి తానే కుట్టిన టిచ్ బటన్లు దానికి. ఒక్కొక్కటే నొక్కి పెడుతోంది, మళ్ళీ విప్పుతోంది. నేను గుమ్మం దిగినా ఆ టక్ టక్ వినిపిస్తూనే ఉంది.